రెండు జతల సేపు

మొన్న కోరాపుట్‌లో మా పాపకి బడి బూట్లు కొనడానికి ఒక దుకాణానికి వెళ్ళాను. సేల్స్ అమ్మాయి రెండు పెట్టెలు మా ముందు పెట్టి, ఫోన్ చూసుకుంటూ నిల్చుంది. నేనే కింద కూర్చుని పాప కాలికి బూటు తొడిగాను. కొసని నా బొటనవేలితో నొక్కి, "బొటనేలు ఏటంటంది?" అని అడిగాను.

పాప నా మొహంలోకి చూసింది. "వేళ్ళు మాట్లాడతాయా నాన్నా?" అంది.

ఆ మాట నాది కాదు. ఆ నొక్కడం కూడా నాది కాదు. రాయగడలో మా స్టోరులో చెప్పుల సెక్షన్ చూసిన ఒక మనిషిది. ఆయన ఉద్యోగం పోవడానికి నేనే కారణం.

ఇంటికొచ్చి పార్వతికి ఫోన్ చేశాను. పార్వతి ఆ స్టోరులో మూడో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. "మావ ఎలా ఉన్నాడమ్మా?" అన్నాను.

"మావ పోనాడు కద సార్. వానల్లోనే. గుణుపురంలో. మీకు తెలుసుననుకున్నాం" అంది.

వానలు వెలిసి నాలుగు నెలలు. ఆయన విషయంలో నేను దేనికీ సమయానికి లేను. చివరికి ఈ కబురుకి కూడా.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఒక కాగితం మీద రాశాను, అది చాలు. స్టోరులో అందరికీ ఆయన మావ. పేరు పెట్టి గానీ, సార్ అని గానీ పిలవాలన్నది కంపెనీ నియమం. ఆ నియమం ఆయన చేరిన మూడో రోజుకే చెల్లకుండా పోయింది.

మాది రెండంతస్తుల పెద్ద స్టోరు. బియ్యం దగ్గర్నుంచి బనియన్ల దాకా అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. అప్పట్లో నేను అక్కడ ఫ్లోర్ మేనేజర్ని. పాత బజారులో ఒక చెప్పుల కొట్టు ఉండేది. మావ అందులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. మా స్టోరు వచ్చాక ఆ కొట్టు మూతపడింది. మూసిన వారానికి ఆయన మా దగ్గరికే దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. అందులో వయసు యాభై అని రాశాడు. అసలు వయసు ఆయన మోకాళ్ళకి తెలుసు. కూర్చుని లేచినప్పుడల్లా అవి పక్క సెక్షన్‌కి వినబడేలా చెప్పేవి.

ఇంటర్వ్యూకి భువనేశ్వర్ నుంచి ఒకావిడ వచ్చింది. మా కంపెనీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారని ఒడియాలో అడిగింది. మావ బల్ల కిందకి వంగి చూశాడు. ఆవిడ కంగారుపడి కాళ్ళు దగ్గరికి తీసుకుంది.

"మీ ఎడం సెప్పు లోపలేపు అరిగిపోనాది తల్లీ" అన్నాడు నన్ను మధ్యవర్తిగా పెట్టి. "నడుం నొప్పొస్తందేమో అడగండి బాబూ."

అడిగాను. ఆవిడకి ఏడాదిగా నడుం నొప్పి. మావకి ఉద్యోగం వచ్చింది. ఆవిడ ఆ సాయంత్రం ఎత్తు మడమ లేని చెప్పులు కొనుక్కుని రైలెక్కింది.

మావ మనుషుల మొహాలు చూడడని మేమంతా ఏడిపించేవాళ్ళం. నిజంగానే ఆయన కళ్ళు ఎప్పుడూ నేలచూపే. బూటు ఎడమది పైన గీత పడి ఉంటే, "మోటార్ సైకిలు కాలు. గేరేసి గేరేసి బూటు సంపేసేడు" అనేవాడు. మడమ పగిలి, వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉంటే, "కల్యాణసింగ్‌పూర్ ఏపు కొండ కాలు. దీనికి ఊపిరాడాల" అని ఆడవాళ్ళ వరసలు వదిలేసి మగవాళ్ళ వరసలోంచి ఒక జత తెచ్చేవాడు. తెచ్చే దారిలోనే దానిమీద మగవాళ్ళదని ఉన్న కాగితం పీకేసేవాడు.

అలా ఒక పెద్దావిడ వచ్చింది. బుట్ట పక్కన పెట్టి బెంచీ వైపు చూసి, బెంచీ మీద కాదు, నేలమీద కూర్చుంది. మావ కూడా ఆవిడ ఎదురుగా నేలమీదే చతికిలబడ్డాడు. ఆ కొండవాళ్ళు మాట్లాడే దేశియాలో పంట గురించి, కోళ్ళ గురించి, అల్లుడి గురించి మాట్లాడాడు. మధ్యలో ఎప్పుడో "బొసొ మా, బొసొ" అని, కూర్చో తల్లీ అన్నట్టు బెంచీని అరచేత్తో తట్టాడు. ఆవిడ లేచి బెంచీ మీద కూర్చుంది. ఆయన కాలు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. అంత వయసున్న మనిషి తన కాలు పట్టుకోవడమేమిటని ఆవిడ బాధ.

"నీ కాలు కాదు మా, నేను సెప్పు పట్టుకుంటన్నాను. కాలు దానంతటదే వచ్చింది" అన్నాడు.

ఆవిడ పకపకా నవ్వింది. నోట్లో ఒక్క పన్ను లేదు.

ఒక కాంట్రాక్టరుగారు ఉండేవారు. ఆయన పాదం ఎనిమిది, పట్టుదల ఏడు. ఏడు నంబరు బూటులో కాలు దూర్చి, మొహం ఎర్రబడి, "సరిపోయింది" అనేవారు. మావ తల ఊపి, "సరిపోనాది. కానీ ఈ కంపెనీవోళ్ళు మోసగాళ్ళు బాబూ, ఆళ్ళ ఎనిమిదే మన ఏడు" అని ఎనిమిది తెచ్చి తొడిగేవాడు. ఆయన వెళ్ళాక నాతో, "మనిషికి నంబరు సెప్పకూడదు బాబూ. సుఖం సెప్పాల" అన్నాడు.

పొద్దున్నే స్టోరు తెరవకముందు మా దగ్గర ఒక మీటింగు ఉండేది. అందరూ గుండ్రంగా నిలబడి, చప్పట్లు కొట్టి, కస్టమర్‌కి చెప్పాల్సిన మూడు వాక్యాల స్వాగతం అప్పచెప్పాలి. స్వాగతం హిందీలో ఉండేది. మావ చప్పట్లు మాత్రం అందరికన్నా గట్టిగా కొట్టేవాడు. వాక్యాల దగ్గర పెదాలు కదిపేవాడు. నేను పట్టుకుని, "నువ్వు చెప్పు మావా" అంటే, "రండి, కూకోండి" అనేవాడు.

"మిగతా రెండూ?"

"కూకున్నాక ఆళ్ళే సెప్తారు బాబూ."

కూర్చోవడం మీదే ఈ కథంతా. మా స్టోరులో సిబ్బంది కూర్చోకూడదు. పొద్దున తొమ్మిదిన్నరకి నిలబడితే సాయంత్రం ఏడింటి దాకా నిలబడి ఉండాలి. భోజనానికి అరగంట, టీకి పావుగంట. టీ గది పై అంతస్తు చివర ఉండేది. మెట్లెక్కి దిగడానికే సగం సమయం పోయేది. బిల్లింగ్ కౌంటర్లలో కుర్చీలు ఉండవు. నిలబడిన మనిషి చురుగ్గా కనిపిస్తాడని కంపెనీ అభిప్రాయం. అది నా అభిప్రాయం కూడా. కౌంటర్‌కి ఆనుకుని నిలబడ్డ ఒకమ్మాయిని నేనొకసారి అందరి ముందూ మందలించాను. ఆ అమ్మాయి ఏడ్చింది. నేను ఆ రోజు అన్నం మామూలుగానే తిన్నాను.

మావ మీద నాకు మొదట వచ్చిన కోపం కూడా దానికే. కస్టమర్‌కి బూట్లు తొడుగుతూ నేలమీద కూర్చున్నాడు.

"మావా, డ్యూటీలో కూర్చోకూడదు."

"కూకోనేదు బాబూ. వంగి వంగి నేలకి తగిలేను" అన్నాడు.

దానికి నా దగ్గర నియమం లేదు. వదిలేశాను.

స్టోరు మొత్తం మీద కూర్చోదగ్గ చోటు ఒక్కటే. చెప్పుల సెక్షన్‌లో కస్టమర్ల కోసం వేసిన బెంచీ. ఆయన చేరిన రెండు నెలలకి మా అమ్మాయిలకి చెప్పుల పిచ్చి పట్టుకుంది. టీ సమయంలో ఒకమ్మాయి వచ్చి బెంచీ మీద కూర్చునేది. మావ ఎర్ర శాండిల్స్ పెట్టె తెరిచేవాడు. ఆమె లేస్తే ఇంకొకమ్మాయి. అదే ఎర్ర శాండిల్. వయసు పిల్లలు, సరదా అనుకున్నాను. పైగా సెక్షన్ కళకళలాడుతోందని మీటింగులో మెచ్చుకున్నాను కూడా. అదే మీటింగులో మావ ఒక సలహా ఇచ్చాడు. చెప్పుల సెక్షన్ మీద వేలాడే ఆఫర్ బోర్డు కస్టమర్లకి కనబడ్డం లేదట, ఒక అడుగు దించాలట. దింపించాను. చొరవ చూపించినందుకు ఆయనకి చప్పట్లు కొట్టించాను.

ఒక మధ్యాహ్నం అటు వెళ్ళేసరికి బెంచీ మీద పార్వతి ఉంది. అప్పటికి ఆమెకి ఆరో నెల. ఒక కాలికి ఎర్ర శాండిల్, ఇంకో కాలు ఖాళీ. వెనక రాక్‌కి తల ఆనించి నిద్రపోతోంది. ఆమె ముందు మావ రెండో శాండిల్ చేత్తో పట్టుకుని, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఏదో పెద్ద బేరం జరుగుతున్నట్టు తల ఊపుతున్నాడు. ఎదుట మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

"ఏంటిది మావా?"

"మెల్లగా బాబూ. నంబరు సూస్తన్నాం."

"కళ్ళు మూసుకుని చూసుకుంటోందా నంబరు?"

"కాలికి కళ్ళెందుకు బాబూ."

నేను పైకి చూశాను. కెమెరా ఉంది. కెమెరాకీ బెంచీకీ మధ్య, నేను దింపించిన ఆఫర్ బోర్డు ఉంది. అక్కణ్ణుంచి చూస్తే మోకాళ్ళ కింది భాగం తప్ప ఏమీ కనబడదు. అప్పుడు అర్థమైంది నేను దేనికి చప్పట్లు కొట్టించానో.

అమ్మాయిల దగ్గర ఒక లెక్క ఉండేదని తర్వాత తెలిసింది. ఒక జత అంటే పెట్టె తెరవడం, కాగితం తీయడం, శాండిల్ తొడిగి పట్టీ పెట్టడం, కింది అద్దంలో చూసుకోవడం, విప్పి మళ్ళీ పెట్టెలో సర్దడం. తొందరపడకపోతే నాలుగు నిమిషాలు. మనిషికి రెండు జతల సేపు. పార్వతికి మూడు. "ఓసి, రెండు జతలైపోనాయి, లెగవే అమ్మీ, నా వంతు" అని వాళ్ళలో వాళ్ళు గొణుక్కునేవారు. పక్కన నిజం కస్టమర్లుంటే, "ఈ రంగు నాకు నప్పలేదు మావా" అని లేచి పోయేవారు. ఆ ఎర్ర శాండిల్ పాపం ఒక్కరికీ నప్పలేదు.

ఆ మధ్యాహ్నం నేను మావని గోదాములోకి తీసుకెళ్ళి చెప్పాను. "పైవాళ్ళు చూస్తే నీ ఉద్యోగం పోతుంది. ఆపెయ్యి."

ఆయన ఉద్యోగం జీతం కోసం కాదని నాకు తెలుసు. భార్యకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఉద్యోగంతో వచ్చిన ఆస్పత్రి కార్డు మీద ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండో కన్ను మిగిలింది. ఆ సంగతి ఆయనకే గుర్తుచేశాను. అంటే బెదిరించాను.

మావ సాయంత్రం ఆరున్నరకి నన్ను పిలిచాడు. పార్వతినీ, ఇంకో ఇద్దరు అమ్మాయిలనీ నిలబెట్టి, కొలిచే పలక తెచ్చి నా కళ్ళ ముందే పాదాలు కొలిచాడు. పొద్దున కొలిచిన నంబర్లు ఒక అట్టముక్క మీద రాసి ఉన్నాయి. పొద్దున ఐదు, ఇప్పుడు ఆరు. పొద్దున నాలుగు, ఇప్పుడు ఐదు. పార్వతి పాదాల మీద చెప్పుల పట్టీల గాడి పడి, ఆ గాడి తెల్లగా ఉంది.

"రోజూ ఒక నంబరు పెరిగి ఇంటికెళ్తన్నారు బాబూ ఈ అమ్మిలు" అన్నాడు. "పొద్దుటికి తగ్గి మళ్ళీ వస్తన్నారు. మీరు మొకాలు సూస్తన్నారు. మొకాలు నవ్వుతానే ఉన్నాయి, ఏటి కనిపిస్తాది?"

అమ్మాయిలు వెళ్ళాక బెంచీ చూపించి, "మీరూ కూకోండి, మీ కాలు సూద్దాం" అన్నాడు. వద్దన్నాను. నిలబడే వద్దన్నాను గానీ ఆ మాట పూర్తయ్యేసరికి కూర్చుని ఉన్నాను. ఆ రోజంతటిలో అదే మొదటిసారి. ఆయన నా నల్ల బూటు విప్పి పక్కన పెట్టి, పాదం చేతిలోకి తీసుకుని, "ఎనిమిది. మడమ మీద బరువెయ్యరు మీరు. ఎవులో పిలుస్తారని ముందుకు ఒంగి నడుస్తారు" అన్నాడు.

నిజం. నేను పై అంతస్తు నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని బతికే మనిషిని.

ఆ తర్వాత నేనూ ఆ బెంచీకి ఖాతాదారునయ్యాను. సాయంత్రం పూట ఒక్క జత సేపు. "మేనేజర్‌కి ఒకటే జత. రెండైతే అమ్మిలు గొడవ సేస్తారు" అనేవాడు. నేను ఆపమనలేదు, చేయమనలేదు. నాకేమీ కనబడలేదన్నట్టు ఉండిపోయాను. అది పెద్ద మంచితనమని ఆ రోజుల్లో నా నమ్మకం.

ఆ తర్వాత నెలకి ఏరియా మేనేజర్ వచ్చాడు. రాయ్‌పూర్ మనిషి, హిందీ తప్ప రాదు. చెడ్డవాడు కాదు. ఆయన వచ్చింది తనిఖీకి కూడా కాదు. పై ఆఫీసులో కంప్యూటర్ ఒకటి కెమెరా బొమ్మలు చూసి లెక్కలు తీస్తుందట. రాయగడలో ఒక ఎర్ర శాండిల్‌ని అందరికన్నా ఎక్కువమంది తొడుక్కుని చూస్తున్నారనీ, ఒక్కరూ కొనడం లేదనీ అది చెప్పింది. ఆ శాండిల్‌లో లోపమేమిటో తెలుసుకుందామని పాపం అంత దూరం నుంచి వచ్చాడు.

నా గదిలో కూర్చుని శాండిల్‌ని వంచి చూశాడు, వాసన చూశాడు. "చాలా బాగుందే" అన్నాడు. తర్వాత కెమెరా బొమ్మలు పెట్టాడు. మోకాళ్ళ కింద కాళ్ళు వరసగా వస్తున్నాయి, వెళ్తున్నాయి. ఆయన కాసేపు చూసి, బొమ్మ ఆపి, ముందుకు వంగాడు.

"అందరికీ ఒకే నీలం ప్యాంటు ఏమిటి?"

నీలం ప్యాంటు మా బిల్లింగ్ అమ్మాయిల యూనిఫాం.

ఇంకా నడిపించాడు. నీలం, నీలం, ఒక చీర, నీలం. తర్వాత ఒక జత నల్ల ప్యాంటు, నల్ల బూట్లు. మగవాడివి. బెంచీ ముందు చాపుకుని హాయిగా ఉన్నాయి. ఆయన మళ్ళీ ఆపాడు.

"ఇది ఎవరు? నీకు తెలుసా ఇక్కడ ఏం జరుగుతోందో?"

నేను కుర్చీ కిందకి కాళ్ళు లాక్కున్నాను. "తెలియదు సార్" అన్నాను. "నేను చూడలేదు."

ఆ రెండు మాటలూ ఎంత తేలిగ్గా వచ్చాయో ఇప్పటికీ ఆశ్చర్యం. ఆయన నమ్మాడు. నేను నమ్మదగ్గ మనిషిలాగే కనిపిస్తాను.

మావని పిలిపించారు. ఆయనకి హిందీ కొంచెం వచ్చు. ఆ రోజు మాత్రం అసలు రాదన్నాడు. నేను మధ్యలో ఉండి అటు మాట ఇటు చెప్పాలి. గదిలో నాలుగు కుర్చీలు ఉన్నాయి. రెండింటిలో మేం కూర్చున్నాం. మావ నిలబడ్డాడు. ముప్పావుగంట సేపు జరిగింది. ఆ ముప్పావుగంటలో ఒక్కసారైనా కూర్చో మావా అని నేను అనలేదు. అబద్ధం చెప్పినందుకు నేను ఏదో ఒక సమాధానం చెప్పుకోగలను. దీనికి నా దగ్గర ఏదీ లేదు.

"ఈ అమ్మాయిలెవరో పేర్లు చెప్పమను" అన్నాడు ఏరియా మేనేజర్.

చెప్పాను. మావ తెర వైపు చూశాడు. "మొకాలు నేను సూడను బాబూ. కాళ్ళే సూస్తాను. కాళ్ళకి పేర్లు రాసుండవు."

దాన్ని హిందీలో చెప్పాను. ఆయన విసుక్కుని నల్ల బూట్ల దగ్గర బొమ్మ ఆపాడు. "కాళ్ళు గుర్తుపడతాడు కదా. ఇవి ఎవరివి?"

మావ తెర దగ్గరికి వంగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల దించి నేలవైపు చూశాడు. నా కుర్చీ కింద నేను దాచుకున్నవి ఆయనకి కనబడే ఉంటాయి.

"ఎనిమిది నంబరు. మడమ మీద బరువెయ్యని కాలు. ఇది మన స్టోరోడిది కాదు. ఎవులో దారినపోయేవోడు, ఎండకి వచ్చి కూకున్నాడు" అన్నాడు.

ఏరియా మేనేజర్ నా వైపు చూశాడు. "ఏమంటున్నాడు?"

"ఎవరో కస్టమర్ అంటున్నాడు సార్" అన్నాను.

నన్ను కాపాడడానికి ఆయన చెప్పిన అబద్ధాన్ని నేనే హిందీలోకి మార్చాను. మార్చడంలో కూడా సగం మింగేశాను.

తీసేశారని రికార్డులో ఉంటే ఇంకెక్కడా పని దొరకదు, రాజీనామా రాసి ఇస్తే మంచిగా పంపిస్తాం అన్నాడు ఏరియా మేనేజర్. ఆ రాజీనామా నేనే ఇంగ్లీషులో రాశాను. మావ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది ఆ ఒక్కసారే. ఆయన తెలుగులో సంతకం పెట్టాడు. బయటికొచ్చాక నాతో, "పార్వతమ్మికి ఇంకా రెండు నెల్లుంది. సూడండి బాబూ" అన్నాడు. చూస్తానన్నాను. వెళ్ళేముందు సెక్షన్‌కి పోయి, ఎర్ర శాండిల్ జత తుడిచి పెట్టెలో పెట్టి, "నీకు పెళ్ళి కాదులే" అని దానితో అన్నాడు. అమ్మాయిలు నవ్వారు. ఆయన మళ్ళీ రాడని వాళ్ళకి అప్పటికి తెలియదు.

మర్నాడు బెంచీ తీయించమని కాగితం వచ్చింది. దానిమీదా నాదే సంతకం. పార్వతి కాన్పు సెలవు పెట్టేదాకా నిలబడే పనిచేసింది. నేను చూస్తూనే ఉన్నాను. చూస్తానన్నది అందుకు కాదు.

ఏడాది పైన గడిచాక గుణుపురంలో మా బంధువుల పెళ్ళికి వెళ్ళాను. సంతలో నడుస్తుంటే వెనక నుంచి, "ఎనిమిది" అని పిలుపు వినిపించింది. మావ టార్పాలిన్ పరిచి ప్లాస్టిక్ చెప్పులు అమ్ముతున్నాడు. కస్టమర్ కోసం చేతులున్న పెద్ద కుర్చీ వేసి ఉంది. సంత మొత్తం మీద అంత దర్జా కుర్చీ లేదు. ఏదో ఫంక్షన్ హాలువాళ్ళు పాతబడిందని పారేస్తే తెచ్చుకున్నాడట. "సెప్పులు కొననోళ్ళు కూడా వచ్చి కూకుంటన్నారు. కూకున్నాక సిగ్గేసి కొంటన్నారు" అన్నాడు.

నన్ను కూర్చోబెట్టాడు. నేను చెప్పదలుచుకున్నది చాలా ఉంది. బస్సులో వస్తూ కూడబలుక్కున్నవి కావు, ఏడాదిగా కూడబలుక్కున్నవి. "మావా, ఆ రోజు నేను..." అన్నాను.

"బూటు ఇప్పండి" అన్నాడు.

"మీ ఆవిడ కన్ను..." అన్నాను.

"ఒక కన్నుతోటే నన్ను బాగా కనిపెడతంది. రెండోది కూడా వస్తే నన్ను బతకనిస్తదేటి" అన్నాడు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకూడదని తెలిసే నవ్వాను.

తర్వాత నా పాదం ఒళ్ళో పెట్టుకుని, అది చూస్తూనే అడిగాడు. "ఇప్పుడు అమ్మిలు ఎక్కడ కూకుంటన్నారు బాబూ?"

ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కటే. నేను ఎందుకు అబద్ధం చెప్పానని అడగలేదు. ఆస్పత్రి కార్డు సంగతి ఎత్తలేదు. నేను ఉద్యోగం నిలబెట్టుకున్నది ఆ పిల్లల్ని చూడడానికేనని ఆయన అనుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. ఇద్దరిలో ఒకరు పోక తప్పదు, పోయినవాడి పని ఉన్నవాడు చేస్తాడు. ఆయన లెక్క అంత సూటిది.

"కౌంటర్ల దగ్గరే స్టూళ్ళు వేయించాను మావా" అన్నాను.

ఒక్క స్టూలు లేదు.

ఆయన తలెత్తి నా మొహంలోకి చూశాడు. నాకు తెలిసి మావ నా మొహం చూడడం అదే మొదలు, అదే ఆఖరు. "మంచి పని సేసేరు" అన్నాడు. నమ్మాడో లేదో తెలియదు. నమ్మలేదనుకోవడానికి నాకు ధైర్యం చాలదు. నమ్మాడనుకుంటే నిద్రపట్టదు.

ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి నాకు ఇంకో పదిహేను రోజులు పట్టింది. ఆ పని నా గొప్ప కింద రాసుకోవడం లేదు. దాని తర్వాత నన్ను కోరాపుట్‌లో చిన్న బ్రాంచికి పంపారు. వచ్చాక ఒకసారి గుణుపురం వెళ్ళి, మావా, ఆ రోజు చెప్పినప్పుడు లేవు, ఇప్పుడు ఉన్నాయి అని చెప్పి ఉండవచ్చు. పండక్కి వెళ్దామనీ, చలి తగ్గాక వెళ్దామనీ వాయిదా వేశాను. ఇంతలో వానలొచ్చాయి.

వాటిలో మొదటి స్టూలు సంగతి ఇది. ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి మూడో కౌంటర్ వెనక పెట్టాను. పార్వతి అప్పటికి కాన్పు అయి తిరిగి చేరింది. కూర్చోమన్నాను. ఆమె స్టూలు వైపు చూసి, పైన కెమెరా వైపు చూసి, నిలబడే ఉంది.

"ఎవులు కూకోమన్నారని అడిగితే ఏటి సెప్పాల సార్?" అంది.

"నా పేరు చెప్పు."

"అప్పుడు మీరు ఉంటారేటి సార్?"

కోపంగా అడగలేదు. సరుకు మీద తేదీ చూసినట్టు అడిగింది. ఆ రోజు గదిలో జరిగింది స్టోరులో అందరికీ ఎప్పుడో తెలుసునన్నమాట. వెనక కస్టమర్లు ఆగి ఉన్నారు. నేను బిల్లు కాగితం ఒకటి చింపి, వెనకవైపు, మూడో కౌంటర్‌లో పార్వతిని స్టూలు మీద కూర్చుని పనిచేయమని చెప్పింది నేనే అని రాశాను. కింద నా పేరు ఇంటిపేరుతో సహా రాసి, సంతకం చేసి ఇచ్చాను.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. సంతకం మీద వేలు పెట్టి, సిరా ఆరిందో లేదో చూసుకుంది. మడిచి జేబులో పెట్టుకుంది. అప్పుడు కూర్చుంది.